గిద్యోను ఆఖరి రోలు

జైపాల్‌ను జీవితంలో ఒకే ఒక్కసారి మోసం చేశారు. ఆ ఒక్కసారికే అతను లోకం మొత్తాన్ని అనుమానించడం మొదలుపెట్టాడు.

పోయిన ఏడాది ఫోన్‌లో ప్రకటన చూసి, హైదరాబాద్‌లో ఎవరో కుర్రాడి దగ్గర పాత ఫిల్మ్ కెమెరా కొన్నాడు. ఇంటికొచ్చి చూస్తే లెన్సు లోపలంతా బూజు. మూడో రోజు షట్టర్ బిగుసుకుపోయింది. నాలుగో రోజు కుర్రాడి ఫోన్ స్విచాఫ్. చేవెళ్లలో పదిహేనేళ్లుగా ఫోటో స్టూడియో నడుపుతున్న మనిషికి ఇంతకంటే తలవంపు ఏముంటుంది? బజారంతా తనను చూసి నవ్వుకుంటోందని కొన్నాళ్లు తల దించుకొని తిరిగాడు. నిజానికి బజారుకు అంత తీరిక లేదు.

ఆ దెబ్బతో వీడియోలు చూసి, తన అనుభవం కూడా కలిపి, ఫోన్‌లో ఒక జాబితా రాసుకున్నాడు. పాత కెమెరా కొనేటప్పుడు అమ్మేవాళ్ల ఇంటికి పోవద్దు, పదిమంది తిరిగే చోటికే రమ్మనాలి. పట్టపగలే చూడాలి. ముందుగా పైసా ఇవ్వొద్దు. లెన్సులోకి టార్చి కొట్టాలి. వెనక మూత తెరిచి అంచుల్లోని నల్ల స్పాంజీ పొడి రాలుతోందేమో చూడాలి. షట్టర్ పదిసార్లు కొట్టి చెవి పెట్టి వినాలి. అన్నింటికంటే పైన, లావు అక్షరాల్లో ఇంకో మాట ఉంది: అమ్మేవాళ్ల కథలు వినొద్దు, వస్తువునే చూడాలి.

భార్య పూర్ణిమ ఆ జాబితా మొత్తం చదివి ఫోన్ తిరిగిచ్చింది. "నయం, నన్ను చూడనీకె వచ్చినప్పుడు గిట్ల రాసుకొని రాలేదు" అంది.

ఇంత జరిగాక మళ్లీ ఫిల్మ్ కెమెరా ఎందుకంటే, దానికి కారణం మొయినాబాద్ ఫాంహౌస్‌లు. పెళ్లికి ముందు ఫోటోలు దిగడానికి సిటీ నుంచి వచ్చే జంటలు ఈ మధ్య "ఫిల్మ్ మీద తీస్తారా అన్నా" అని అడుగుతున్నారు. తీయనంటే ఇంకొకరి దగ్గరికి పోతున్నారు. అయితే అది సగం కారణమే. జైపాల్ పని నేర్చింది చిన్నాయన బాలప్ప దగ్గర, ఫిల్మ్ మీదే. ఫిల్ము కడిగే మందు హైపో వాసన తగిలితే ఇప్పటికీ అతనికి ప్రాణం లేచొస్తుంది. ఆ మాట పైకి అంటే పూర్ణిమ నవ్వుతుందని సిటీ జంటల పేరు చెప్పేవాడు.

శ్రావణంలో ఒక ప్రకటన కనిపించింది. చిన్న మంగళారం నుంచి ఆనంద్ బాబు అనే అతను పెట్టాడు. పాత జపాన్ కెమెరా, తోలు సంచితో సహా. కింద ఒక వింత వాక్యం: ఫిల్మ్ పని తెలిసినవాళ్లకే ఇస్తాం. ఇది ధర పెంచే ఎత్తు అని జైపాల్ అక్కడికక్కడే తేల్చేశాడు. అయినా ఫోన్ చేశాడు. ఆనంద్ బాబు "కెమెరా మా పెద్దమ్మది అన్నా, ఆమెతోనే మాట్లాడు" అని ఫోన్ ఆమె చేతికిచ్చాడు. ఆమె పేరు విమలమ్మ.

"నీకు ఫిల్మ్ పని వస్తదా బిడ్డ?" ఆమె మొదటి ప్రశ్న అదే.

"వస్తది అవ్వ. మా చిన్నాయన దగ్గర నేర్చిన."

"ఫిల్ము కడుగుడు గూడ వస్తదా?"

"వస్తది."

అవతల ఆమె ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. "అయితె ఇంటికి రా బిడ్డ. ఇంట్లనైతె మంచిగుంటది, జర లోపల చేసే పని ఉన్నది. కెమెరా మంచిదే గని, కింద ఉన్న బటన్..."

ఇల్లు అన్న మాట వినగానే జైపాల్‌లో జాబితా మేల్కొంది. బటన్ అన్న మాటకు కథ మొదలైందనుకున్నాడు. "చెప్పుడు వద్దవ్వ, అన్ని నేనే చూసుకుంట. ఇంటికి రాను. ఎల్లుండి పదకొండు గంటలకు మొయినాబాద్‌ల పోలీస్ స్టేషన్ ముంగట చాయ్ హోటల్ ఉన్నది గదా, ఆడికి తీసుకొని రా" అన్నాడు.

"మోకాళ్లు నొస్తయి బిడ్డ."

"ఆటోల రా అవ్వ. కిరాయి నేనిస్త."

"వస్త తీ" అందామె.

ఆ రోజు ఎండ విపరీతంగా కాసింది. జైపాల్ పావుగంట ముందే వచ్చి, హోటల్ బయట రోడ్డుకు ఆనుకొని ఉన్న బెంచీ ఎంచుకున్నాడు. అక్కడ వెలుతురు బాగుంటుంది, పోలీస్ స్టేషన్ గేటు కనిపిస్తుంది. తన ముందుచూపుకు తనే మురిసిపోయాడు. విమలమ్మ ఆటో దిగింది. అరవై దాటిన మనిషి, తెల్లచీర, భుజానికి గుడ్డసంచి, చేతిలో తోలు సంచి. కుంటుకుంటూ వచ్చి బెంచీ చివర కూర్చుంది.

"లోపల కూసుందమా బిడ్డ? నీడకు?"

"ఈడ్నే మంచిగ కనవడ్తదవ్వ. ఏది, చూపియ్యి."

ఆమె తోలు సంచి ఇచ్చింది. ఇస్తూనే, "ఒక్క నిమిషం ఆగు, నీకొకటి చెప్పాలె" అంటూ గుడ్డసంచిలో చెయ్యి పెట్టి ఏదో వెతకసాగింది. ఆధార్ కాపీ అయి ఉంటుందనుకున్నాడు జైపాల్. "ముందుగాల చూడనియ్యి అవ్వ, మాటలు తర్వాత" అన్నాడు. కెమెరా బయటికి తీశాడు. లెన్సులోకి టార్చి కొట్టాడు. అద్దంలా ఉంది. తర్వాతది వెనక మూత. పక్కనున్న పిడిని పైకి లాగాడు. మూత తెరుచుకుంది.

లోపల ఫిల్ము ఉంది. పదకొండు గంటల ఎండ నేరుగా దాని మీద పడి మెరిసింది.

జైపాల్ వెంటనే మూత మూశాడు. వెంటనే అంటే ఒక క్షణం, మహా అయితే రెండు. ఫిల్ముకు అంత కూడా అక్కర్లేదు. తీసిన ఫోటోలు కెమెరాలో ఒకదాని మీద ఒకటి చుట్టుకుంటాయి, మొదటివి లోపల, ఆఖరివి పైన. ఎండ ముందుగా తినేది పైవాటినే.

బాలప్ప అతనికి నేర్పిన మొట్టమొదటి పాఠం ఇదే. ఎవరి కెమెరా చేతికొచ్చినా మూత ముట్టుకోవద్దు, ముందు పక్కనున్న చిన్న పిడిని తిప్పి చూడాలి, బిగువుగా తగిలితే లోపల రోలు ఉన్నట్టు. ఫోటోల లెక్క చూపే అంకె కెమెరా నెత్తినే ఉంటుంది, అదీ చూడాలి. ఈ సంగతి జైపాల్ జాబితాలో లేదు. ఇది కూడా రాసుకోవాలా, చేతులకే తెలుసు కదా అనుకున్నాడు. మోసపోకుండా ఉండే తొందరలో చేతులు తమకు తెలిసిన పని మరిచిపోయాయి.

తలెత్తి చూశాడు. విమలమ్మ చెయ్యి ఇంకా గుడ్డసంచిలోనే ఉంది. కాసేపటికి మెల్లగా బయటికి తీసింది, ఖాళీ చెయ్యి. ఒళ్లో పెట్టుకుంది. రోడ్డు మీద పోతున్న చేవెళ్ల బస్సు వైపు చూసింది.

"దాంట్ల రోలున్నది బిడ్డ" అంది అప్పుడు. "మా ఆయన గిద్యోను ఆఖరి రోలు. నలభై ఏండ్లు ఈ చుట్టుపక్కల ఊళ్లన్నిట్ల పెండ్లిళ్లు, బాప్తిస్మాలు తీసిండు. అందరివి తీసిండు గని ఆయనది ఒక్క ఫోటో లేదు. ఎవ్వరన్న తీస్తమంటె నీకు రాదు పో అనేటోడు. మా పెండ్లయి నలభై ఏండ్లయిన దినం, ఏమనిపించిందో, కెమెరా నాకిచ్చిండు. తెల్లంగి వేసుకొని చర్చి గోడ ముంగట కుర్చీల కూసున్నడు. మూడు తీసిన. రోలు అయిపోయినంక కడుగుదమన్నడు. నాలుగు నెల్లకు ఆయనే పోయిండు."

జైపాల్ కెమెరా నెత్తిన ఉన్న అంకె చూశాడు, మూత తెరిచినా సున్నాకు పోని పాత రకం. ముప్పై మూడు. ఆ మూడు ఫోటోలు అన్నిటికంటే పైన ఉన్నాయి.

"సచ్చిన నాడు ఆధార్ కార్డు ఫోటోనే పెద్దగ చేసి పెట్టిన్రు. దొంగోని లెక్క కనవడ్తడు దాంట్ల. వచ్చే నెల జ్ఞాపకార్థ కూటం ఉన్నది. సమాధి రాయి చెక్కిస్తున్న. ఫోటో కోసం గుండ్రగ జాగ ఇడిశిన్రు. ఇప్పటి స్టూడియోలోళ్లకు ఈ పని రాదంటున్నరు. పని వచ్చినోళ్లు కెమెరా కొనుక్కుంటె రోలు గూడ కడిగిస్తరని ఆనంద్ బాబుతోని గట్ల రాయించిన." ఆమె అతని ముఖంలోకి చూసింది. "కడిగి ఇస్తవా?"

చెప్పాల్సిన సమయం అదే. 'అవ్వ, ఇప్పుడే పాడు చేసిన' అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆమె చూపులో ఆశ ఉందనుకున్నాడు. ఊళ్లో ఉండే ముసలామెకు మూత తెరిస్తే ఏమవుతుందో ఏం తెలుస్తుందిలే అని కూడా అనుకున్నాడు. అలా అనుకున్నందుకు తర్వాత తనను తాను తిట్టుకోని రోజు లేదు.

"ఇస్త అవ్వ" అన్నాడు.

ఆమె చెప్పిన ధర బేరం ఆడకుండా ఇచ్చేశాడు. కెమెరాల విషయంలో అతను బేరం ఆడకపోవడం అదే మొదలు.

హైదరాబాద్ నుంచి డెవలపర్, హైపో తెప్పించాడు. ఆదివారం పొద్దున బాత్రూం కిటికీకి రెండు దుప్పట్లు కట్టి, తలుపు సందులో చీరలు కుక్కి, చీకట్లో రోలు తీయబోయాడు. వెనక్కి చుడదామంటే చుట్టుకోలేదు. చుట్టేముందు నొక్కాల్సిన, కెమెరా కింద ఉన్న బటన్ ఇరుక్కుపోయింది. ఫోన్‌లో ఆమె చెప్పబోయింది ఇదన్నమాట. చీకట్లో మూత తెరిచి చేత్తో తీయాల్సిన రోలు. ఇంటికి రా, లోపల చేసే పని ఉందన్నది ఇందుకే.

చేత్తోనే తీసి, కడిగి ఆరేశాడు. మొదటి ఇరవై ఫోటోలు నిలిచాయి. ఆ తర్వాతవి అంచుల నుంచి నల్లబడుతూ పోయి, చివరి పది బొగ్గులా ఉన్నాయి. నెగెటివ్ మీద నలుపంటే ఎండ తిన్నదని అర్థం. ఆ మూడింటినీ కిటికీ దగ్గర పట్టుకొని, భూతద్దం పెట్టి, కంప్యూటర్‌లో ఎక్కించి, తనకు తెలిసిన అన్ని విధాలా వెతికాడు. కుర్చీ లేదు, తెల్లంగి లేదు, మనిషి లేడు.

నిలిచిన ఇరవైలోనూ విమలమ్మే ఉంది. బంతిపూల తోటలో ఉంది. మిరపకాయలు ఎండబోస్తూ ఉంది. వద్దంటూ చెయ్యి అడ్డం పెట్టి నవ్వుతూ ఉంది. గిద్యోను ఆఖరి రోలంతా పెళ్లాన్ని తీయడానికే ఖర్చు పెట్టాడు.

పూర్ణిమ వచ్చి నెగెటివ్ చూసింది, మొగుడి ముఖం చూసింది. "పోయి చెప్పు" అంది. "తిడితె తిట్టనియ్యి."

"చెప్త" అన్నాడు జైపాల్. అన్నాడే కానీ ఇరవై రెండు రోజులు పోలేదు. ముడిమ్యాలలో పెళ్లి ఉందన్నాడు, ప్రింట్లు రాలేదన్నాడు, వాన అన్నాడు. ఒక్కరోజైనా విమలమ్మ ఫోన్ చేసి ఎంతవరకు వచ్చిందని అడగలేదు. పాపం, నమ్మకంతో ఊరుకుందనుకున్నాడు. ఆ నమ్మకం తలుచుకున్నప్పుడల్లా అన్నం సయించేది కాదు.

చివరికి కూటం ఇంకో వారం ఉందనగా ఇరవై ఫోటోలు పెద్దగా వేయించి చిన్న మంగళారం పోయాడు. చెప్పాలనే పోయాడు, అందులో అబద్ధం లేదు. దారి పొడుగునా ఒకే వాక్యం మనసులో చదువుకున్నాడు. గేటు దగ్గర బండి ఆపేదాకా ఆ వాక్యం నోట్లోనే ఉంది.

విమలమ్మ అరుగు మీద చాప వేసింది. ఫోటోలు ఒళ్లో పెట్టుకొని ఒక్కొక్కటీ చూసింది. చెయ్యి అడ్డం పెట్టి నవ్వుతున్న దాని దగ్గర ఆగి, "ఆ పొద్దు ఎంత సతాయించిండో" అంది. మళ్లీ మొదటికి వచ్చి లెక్కపెట్టినట్టు చూసింది.

"ఆయనవి?"

"రోలు బాగ పాతదవ్వ" అన్నాడు జైపాల్. ఆ మాటలు ఎక్కడి నుంచి వచ్చాయో అతనికే తెలియదు. "ఆఖర్ల పాడైంది. వేడికి గట్ల అయితది."

ఆమె ఫోటోల అంచులు సమంగా సర్దింది. "నేనే సక్కగ తియ్యలేదేమో బిడ్డ. కెమెరా పట్టుడు అదే మొదలు. చెయ్యి వణికింది."

జైపాల్ వాకిట్లో కోడిపిల్లల వైపు చూశాడు.

"కావచ్చు అవ్వ" అన్నాడు.

మనిషి బతుకులో చేసే తప్పులన్నీ ఒకే బరువు ఉండవు. ఎండలో మూత తెరవడం పొరపాటు. ఇది పొరపాటు కాదు. మొగుడి ఒక్క ఫోటో కూడా సరిగా తీయలేకపోయానని ఆమె మిగిలిన బతుకంతా అనుకోవడానికి అతను ఒప్పుకున్నాడు. తను తిట్లు తప్పించుకోవడానికి ఒప్పుకున్నాడు.

విమలమ్మ ఫోటోలు చాప మీద పెట్టింది. గోడ పట్టుకొని లేచి లోపలికి పోయింది. చాయ్ పెడుతుందనుకున్నాడు. ఒక గుడ్డసంచితో తిరిగొచ్చింది, ఆ రోజు భుజానికి ఉన్నదే. అందులోంచి మడత పెట్టిన నల్లటి బట్ట తీసి అతని ముందు పెట్టింది.

జైపాల్ మడత విప్పకుండానే గుర్తుపట్టాడు. రెండు పొరల మందపు బట్ట, చేతులు దూర్చుకోవడానికి రెండు పొడుగాటి గొట్టాలు, వాటి చివర ఎలాస్టిక్. చీకటిగది లేని చోట రోలు తీయాలంటే కెమెరాను ఈ సంచిలో పెట్టి, చేతులు దూర్చి తీస్తారు. బాలప్ప దగ్గరా ఇలాంటిదే ఉండేది.

"ఇది కెమెరాతోనే నీకు రావాలె" అంది విమలమ్మ. "ఆనాడు మొయినాబాద్‌కు తెచ్చిన. సంచిలకెళ్లి తీసే లోపల్నే నువ్వు మూత తీసినవ్."

అతను తల ఎత్తలేకపోయాడు.

"నలభై ఏండ్లు ఆయన రోలు కడిగితె పక్కన నిలవడి నీళ్లు వోసింది నేనే. ఇప్పుడంటె వేళ్లు వంకర వోయినయ్, లేకుంటె నేనే తీద్దును. ఎండల మూత తెరిస్తె ఏమైతదో నాకెరుక లేదా బిడ్డ?"

"నీ చెయ్యి వణకలేదవ్వ" అన్నాడు జైపాల్. ఇరవై రెండు రోజులుగా మోసిన వాక్యం ఇది కాదు, కానీ ఇదే ముందు వచ్చింది. "నువ్వు మంచిగనే తీసినవ్. పాడు చేసింది నేను."

"ఎరుకనే."

"మరి ఆనాడే నన్ను తిట్టకపోతివి."

ఆమె చాప మీద కూర్చుని కాళ్లు చాపుకుంది. "మా ఆయన గూడ ఒకపారి గిట్లనే చేసిండు. ఎంకపల్లిల పెండ్లి. అప్పుడు మా సిన్నకొడుకు పుట్టిన కొత్త, నిద్రలేని కండ్లతోని పోయి, రోలున్న కెమెరా మూత తీసిండు. పుస్తె కట్టింది మొత్తం పోయింది. ఇంటికి గూడ రాలే. ఆడ్నే పెండ్లోళ్లకు చెప్పిండు. మస్తు తిట్టిన్రు. పెండ్లికొడుకు మేనమామ అయితె కొట్టనీకె వచ్చిండు. తిట్టుడు అయినంక పిల్లను, పిలగాన్ని మల్ల పీటల మీద కూసోవెట్టి, దండలు వేయించి తీసుకున్నరు." ఆమె చిన్నగా నవ్వి, వెంటనే ఆపేసింది. "ఈయనను మల్ల కుర్చీల కూసోవెట్టనీకె రాదు. గది వేరే సంగతి. కని నువ్వు చెప్తవని చూసిన. ఆ పొద్దు చూసిన, ఇన్ని దినాలు చూసిన. ఇయ్యాల గూడ, నా చెయ్యి వణికిందంటె, లేదవ్వ అంటవనుకున్న."

జైపాల్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. చేతులు తీయకుండానే, "రాయి మీద మరి?" అన్నాడు.

"ఆధార్ దే పెడ్తం. ఇంకేమున్నది."

నల్ల సంచి అతని చేతిలో పెట్టి, ఇంకోసారి ఎవరి కెమెరా అయినా కొంటే పనికొస్తుంది, ఉంచుకో అంది. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండునని అతనికి అనిపించింది.

అతను లేవబోతుంటే, చాప మీది ఫోటోల వైపే చూస్తూ ఆమె ఇంకో మాట అంది.

"ఆనాడే చెప్పినుంటె, ఆ చాయ్ హోటల్ కాడ ఇద్దరం కలిసి ఏడ్సేటోళ్లం బిడ్డ. గిన్ని దినాలు నేనొక్కదాన్నే ఏడ్సిన."